పాతబస్తీ: బెత్తం లేకుండా పిల్లల్ని దారిలో పెట్టొచ్చా? స్టూడెంట్ చేతికే చీటీ ఇచ్చే ఈ పద్ధతి ఏంటో తెలుసా?

క్లాసులో అల్లరి చేస్తే గుంజీలు. హోంవర్క్ చేయకపోతే గోడకుర్చీ. పాతబస్తీ గల్లీల్లో చదువుకున్నవాళ్లకైతే ఇంకో మాట కూడా బాగా గుర్తుంటుంది.. ‘ముర్గా’. కాళ్ల కింద నుంచి చేతులు పోనిచ్చి చెవులు పట్టుకుని కోడిలా వంగి నిలబడాలి. తాతలు పడ్డారు, తండ్రులు పడ్డారు. ఇప్పుడు మాత్రం అది చట్టరీత్యా నేరం. సరే, బెత్తం పోయింది. మరి దాని స్థానంలో ఏం వచ్చింది? చాలా బడుల్లో చూస్తే, ఏమీ రాలేదు. అసలు సమస్య అక్కడే ఉంది.

కొట్టకుండా పిల్లాడిని మార్చే పద్ధతి ఒకటి 50 ఏళ్ల క్రితమే బయటికొచ్చింది. దానికి ఖర్చు ఒక కాగితం ముక్క, ఒక పెన్సిల్. పిల్లాడు తన ప్రవర్తనను తానే గమనించుకుని, తానే లెక్క రాసుకుని, తానే మార్కు వేసుకోవడం. ఇంగ్లిషులో సెల్ఫ్ మానిటరింగ్ అంటారు. మన టీచర్ల భాషలో స్వీయ పరిశీలన, స్వీయ మూల్యాంకనం. వినడానికి ట్రైనింగ్ క్లాసులో చెప్పి వదిలేసే మాటలా ఉంటుంది కానీ, చేసి చూస్తే దీని పని తీరు వేరు.

చట్టం ఏం చెబుతోంది?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. అతిక్రమించిన టీచర్‌పై శాఖాపరమైన చర్యలు ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ ఇంకా గట్టిది. పిల్లల బాధ్యత చూసేవాళ్లే వాళ్లపై క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల వరకు జైలు పడే అవకాశం ఉంది.

చట్టం రాకముందు పరిస్థితి ఎలా ఉండేదో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో బయటపెట్టిన అధ్యయనం చెప్పింది. 13 రాష్ట్రాల్లో చేసిన ఆ సర్వేలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. బడికెళ్లే ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. అంటే అప్పట్లో దెబ్బలు తిన్న పిల్లలే ఎక్కువ.

కొట్టొద్దని చట్టం చెప్పింది. కానీ 40 మంది ఉన్న క్లాసును రేపు ఉదయం ఎలా నడపాలో చట్టం చెప్పలేదు కదా! టీచర్లు అడిగే ప్రశ్న ఇదే. అది న్యాయమైన ప్రశ్నే.

పాతబస్తీలో ఇది ఎందుకు ముఖ్యం?

చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల్లోని సర్కారు బడుల సంగతి హైదరాబాద్‌లో మిగతా ప్రాంతాలకు కొంచెం వేరు. ఒకే ప్రాంగణంలో ఉర్దూ మీడియం, తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం నడిచే చోట్లు ఉన్నాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. అద్దె ఇళ్లలో నడిచే బడులకు ఆటస్థలం ఉండదు. పక్క గది పాఠం ఈ గదిలోకి వినిపిస్తుంది. అలాంటి చోట పిల్లాడు కుదురుగా కూర్చోవడం అంటే మామూలు విషయం కాదు.

పైగా ఇక్కడ బడి మానేయడం చాలా తేలిక. ‘పనికిరానోడు’ అని నాలుగుసార్లు అనిపించుకున్న పిల్లాడికి గల్లీ చివర్లోనే పని దొరుకుతుంది. గాజుల తయారీ, జరీ పని, మెకానిక్ షెడ్డు, హోటల్. 2015 జనవరిలో పాతబస్తీలో పోలీసులు జరిపిన తనిఖీల్లో గాజులు తయారు చేసే ఇరుకు గదుల నుంచి 200 మందికి పైగా పిల్లల్ని బయటికి తీసుకొచ్చారు. వాళ్లలో ఎక్కువ మంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చేరుతున్న ఆ పనులు, ఇక్కడి పిల్లాడికి మరీ దగ్గర. క్లాసులో ప్రవర్తన బాగోలేదని టీసీ చేతిలో పెట్టడం వల్ల ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, ‘చబూత్రా’. ఇళ్ల ముందు, దుకాణాల ముందు ఉండే అరుగులు. అర్ధరాత్రి దాటాక కూడా వాటి మీద కూర్చుని కబుర్లాడే కుర్రాళ్లను పట్టుకొచ్చి, తల్లిదండ్రుల్ని పిలిపించి పోలీసులు కౌన్సెలింగ్ ఇస్తారు. సౌత్ జోన్ పోలీసులు 2015 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ ‘మిషన్ చబూత్రా’ ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వార్తల్లోకి వస్తూనే ఉంది. పెట్రోలింగ్ బండి వస్తే అరుగు ఖాళీ. బండి వెళ్లిపోతే మళ్లీ ఫుల్. పోలీసుల్ని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. బయటి నుంచి వచ్చే కంట్రోల్‌కి ఉండే హద్దు అదే. టీచర్ క్లాసులోంచి బయటికెళ్లగానే మొదలయ్యే గోల కూడా అలాంటిదే.

ఒక అమ్మాయి, ఒక చీటీ.. ఏం జరిగింది?

1971లో అమెరికాలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. మార్సియా బ్రోడెన్, ఆమె సహచరులు కలిసి చేసిన పని అది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు హిస్టరీ క్లాసులో బాగా వెనకబడింది. పత్రంలో ఆమె పేరు లైజా అని రాశారు. క్లాసు నడుస్తున్న టైంలో ఆమె చదువు మీద దృష్టి పెడుతున్నది సుమారు 30 శాతం సమయమే.

కౌన్సెలర్ ఆమెకు గడులు గీసిన ఒక చీటీ ఇచ్చారు. క్లాసులో గుర్తొచ్చినప్పుడల్లా ‘ఇప్పుడు నేను చదువుతున్నానా?’ అని తనను తాను అడగాలి. చదువుతుంటే ప్లస్, లేకపోతే మైనస్. అంతే. తిట్లు లేవు, బహుమతులు లేవు. ఆమె చదువుపై పెట్టే సమయం దాదాపు 78 శాతానికి చేరింది. చీటీ తీసేస్తే మళ్లీ మొదటికే పడిపోయింది. మళ్లీ ఇస్తే మళ్లీ పెరిగింది. ఆ తర్వాత టీచర్ మెచ్చుకోవడం కూడా తోడైంది. అప్పుడు చీటీ తీసేసినా పెద్దగా పడిపోలేదు.

ఇందులో అసలు ఆశ్చర్యం ఏంటంటే, లైజా వేసుకున్న గుర్తులు వెనక కూర్చున్న పరిశీలకుల లెక్కతో రోజూ కచ్చితంగా సరిపోలేదు. అయినా ప్రవర్తన మారింది. అంటే పని చేసింది లెక్క కాదు, ఆగి చూసుకోవడం.

అదే పత్రంలో స్టూ అనే అబ్బాయి సంగతి కూడా ఉంది. క్లాసులో అడ్డదిడ్డంగా మాట్లాడే అలవాటు. అతనికీ చీటీ ఇచ్చారు. మొదట్లో తగ్గింది, చివరి దశకొచ్చేసరికి ప్రభావం మసకబారింది. చీటీ ఒక్కటే చాలదని అర్థమైంది ఇక్కడే. పిల్లాడు మారుతున్నాడని ఎవరో ఒకరు గమనించాలి, ఆ మాట అతనితో చెప్పాలి.

పెద్దవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూసి ‘అబ్బో, నిన్న నాలుగు గంటలు రీల్సేనా!’ అని ఉలిక్కిపడి, ఆ రోజంతా కొంచెం తక్కువ చూసినవాళ్లు ఎంతమందో! ఆ అంకె ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. కనిపించింది, అంతే.

మన బడిలో ఎలా చేయాలి?

ఫలక్‌నుమా వైపు ఒక సర్కారు బడి అనుకుందాం. ఏడో తరగతి పిల్లాడు. టీచర్ బోర్డు వైపు తిరగగానే లేచి తిరుగుతాడు, పక్కవాడి పెన్ను లాక్కుంటాడు, మధ్యలో అరుస్తాడు. టీచర్ మొదట చేసే తప్పు ఏంటంటే, ‘మంచిగా ఉండు’ అని చెప్పడం. మంచిగా ఉండటం అంటే ఏంటో పిల్లాడికి తెలియదు, లెక్కపెట్టడానికి కుదరదు. మూడు చెడ్డ అలవాట్లలో ఒక్కటే తీసుకోవాలి. ‘అడగకుండా సీటులోంచి లేవడం’.. ఇది కంటికి కనిపిస్తుంది, లెక్కకు అందుతుంది.

తర్వాత రెండు మూడు రోజులు ఏమీ మార్చకుండా టీచరే లెక్కపెట్టాలి. గణితం పీరియడ్‌లో ఎన్నిసార్లు లేచాడు? ఎనిమిదా, పదిహేనా? ఈ అంకె లేకపోతే నెల తర్వాత మారాడా లేదా అన్నది ఎవరి మూడ్‌ని బట్టి వాళ్లు చెబుతారు.

అప్పుడు పిల్లాడితో విడిగా మాట్లాడాలి. క్లాసు మధ్యలో కాదు, నలుగురిలో అసలే కాదు. ‘బేటా, నువ్వు 12 సార్లు లేచావ్. రేపు నువ్వే లెక్కపెట్టు, చూద్దాం’ అని చీటీ ఇవ్వాలి. పది నిమిషాలకో గడి, పీరియడ్‌కు నాలుగు గడులు చాలు. టీచర్ ఏదో ఒక సైగ చేస్తారు, చాక్‌పీస్‌తో బల్ల మీద రెండుసార్లు తట్టడం లాంటిది. ఆ సైగ వినగానే పిల్లాడు ‘ఈ పది నిమిషాల్లో లేచానా?’ అని చూసుకుని టిక్కు గానీ ఇంటూ గానీ పెడతాడు. టీచర్ కూడా తన దగ్గర విడిగా పెట్టుకుంటారు.

పీరియడ్ అయ్యాక రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇక్కడే కిటుకు ఉంది. మొదటి వారం మార్కులు మంచి ప్రవర్తనకు కాదు, నిజం రాసినందుకు. పిల్లాడు ఇంటూ పెట్టాడు, టీచర్ కూడా ఇంటూ పెట్టారు.. పాయింట్ వచ్చినట్టే! లేచాడు, కానీ లేచానని ఒప్పుకున్నాడు. లేవకపోయినా టిక్కు, లేచినా టిక్కు అని పెట్టుకుంటే పాయింట్ లేదు. తప్పు రాసుకుంటే దెబ్బ పడుతుందనే భయం ఉన్నంతకాలం ఏ పిల్లాడూ నిజం రాయడు. ఆ ఒక్క ఇంటూ చూపించి ఇంట్లో ఫిర్యాదు చేశారా, ఇక ఆ చీటీ పనికిరాదు.

రెండో వారం నుంచి టార్గెట్ పెట్టుకోవచ్చు. అది కూడా పిల్లాడే చెప్పాలి. ‘నాలుగులో రెండు టిక్కులు’ అంటే రెండే. నాలుగుకు నాలుగు రావాల్సిందేనని టీచర్ పట్టుబడితే మూడో రోజుకే చీటీ చిరిగిపోతుంది. సరిగ్గా నడుస్తుంటే సైగల మధ్య సమయం పెంచుకుంటూ పోవాలి. పదిహేను నిమిషాలకు, పీరియడ్‌కు, చివరికి రోజుకు ఒక్కసారి. టీచర్ లెక్క కూడా మెల్లగా మానేయాలి. ఎప్పుడో ఒకరోజు మాత్రం చెప్పకుండా చూస్తే చాలు.

40 మందికీ చీటీలు ఇవ్వడం ఎవరి వల్లా కాదు. అవసరం కూడా లేదు. ఇద్దరు ముగ్గురికి చీటీ సరిపోతుంది. మొత్తం క్లాసుకు ఇంకో ఆట ఉంది. 1969లో అమెరికాలోని కాన్సస్‌లో మొదలైంది, ‘గుడ్ బిహేవియర్ గేమ్’ అంటారు. క్లాసును జట్లుగా విడదీసి, నిబంధన తప్పినప్పుడల్లా ఆ జట్టు పేరు మీద బోర్డుపై గీత గీస్తారు. తక్కువ గీతలున్న జట్టు గెలుస్తుంది. అన్ని జట్లకూ గీతలు తక్కువగా ఉంటే అందరూ గెలిచినట్టే. 1980లలో బాల్టిమోర్ నగరంలోని బడుల్లో ఒకటో తరగతి నుంచే దీన్ని ఆడించి, ఆ పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. మొదట్లో బాగా దూకుడుగా ఉన్న మగపిల్లల్లో మత్తు పదార్థాల సమస్యలు తగ్గినట్టు తేలింది. అయితే జట్టు ఓడిపోవడానికి కారణమైన పిల్లాడిని మిగతావాళ్లు ఇంటర్వెల్‌లో ఏం చేస్తున్నారో చూసుకోవాలి. పాతబస్తీలో అయినా, ఎక్కడైనా.

పుస్తకంలో ఉన్నదే.. చదివేదెవరు?

మన పాఠ్యపుస్తకాల్లో స్వీయ మూల్యాంకనం ఎప్పటి నుంచో ఉంది. ఎస్‌సీఈఆర్‌టీ తెలుగు పుస్తకాల్లో పాఠం చివర ‘నేను ఇవి చేయగలనా?’ అనే పట్టిక కనిపిస్తుంది. పక్కన అవును, కాదు. ఇంగ్లిష్ పుస్తకంలో ‘హౌ వెల్ డిడ్ ఐ రీడ్?’ అనే గళ్లు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ‘భాగస్వామ్యం-ప్రతిస్పందనలు’ అనే అంశానికి మార్కులు కూడా ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు ముందుకేసి, ప్రోగ్రెస్ కార్డులో పిల్లాడు తనకు తాను ఇచ్చుకునే అంచనా, తోటి పిల్లలు ఇచ్చే అంచనా కూడా ఉండాలని చెప్పింది.

కాగితం మీద అంతా ఉంది. కానీ ‘అవును’ గళ్లన్నీ ఒకే గుక్కలో టిక్కు కొట్టేసి పేజీ తిప్పేయడం చాలా మంది చూసే ఉంటారు. ఎందుకంటే ‘కాదు’ అని పెడితే ఏమవుతుందో పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. ‘కాదు’ పెట్టిన పిల్లాడి దగ్గరకు టీచర్ వచ్చి కూర్చుంటారని తెలిస్తే ఆ గడికి విలువ వస్తుంది.

రంజాన్‌లో కనిపించే పాఠం

‘ఈ పిల్లలకు కంట్రోల్ లేదండీ’ అనేవాళ్లు ఒకసారి రంజాన్ నెలలో పాతబస్తీని చూడాలి. పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు మొదటి రోజా ఉంటారు. మండుటెండలో దాహం వేస్తుంది. కుళాయి పక్కనే ఉంటుంది, చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అయినా తాగరు. ఇఫ్తార్ సైరన్ మోగేదాకా ఆగుతారు. చాలా ఇళ్లలో మొదటి రోజాకు ‘రోజా కుషాయి’ చేస్తారు. కొత్త బట్టలు, మెడలో పూలదండ, చుట్టాల దీవెనలు. అదే పిల్లాడు క్లాసులో పది నిమిషాలు కూర్చోలేడా?

కూర్చోగలడు. తేడా ఎక్కడుందంటే, రోజాలో నియమం స్పష్టంగా ఉంది. ఎప్పుడు అయిపోతుందో నిమిషాలతో సహా తెలుసు. చుట్టూ అందరూ అదే చేస్తున్నారు. పూర్తి చేస్తే గౌరవం ఉంది. మరి క్లాసులో? నియమం టీచర్‌ని బట్టి మారుతుంది, ఎంతసేపో తెలియదు, పూర్తి చేసినా ఎవరూ పట్టించుకోరు. రోజు చివర తన పనులకు తానే లెక్క చూసుకోవడాన్ని ఇస్లామీ సంప్రదాయంలో ‘ముహాసబా’ అంటారు. మాల వేసుకుని 41 రోజులు దీక్షలో ఉన్న నాన్నను చూసే లాల్‌దర్వాజా పిల్లాడికీ ఈ నిగ్రహం పరాయిది కాదు.

అయితే ఒక జాగ్రత్త. ‘రోజా ఉన్నావు కదా, అబద్ధం ఎలా చెప్పావు?’ అని క్లాసులో టీచర్ నిలదీయడం మాత్రం సరికాదు. అది నిగ్రహం నేర్పదు, సిగ్గు నేర్పుతుంది. ఉపవాసం ఉండని పిల్లలూ, ఇతర మతాల పిల్లలూ అదే బెంచీ మీద ఉంటారు. తీసుకోవాల్సింది ఆ ఏర్పాటులోని కిటుకును, మతాన్ని కాదు.

మిఠాయి పరీక్ష.. అందరూ చెప్పే కథలో సగమే నిజం

స్వీయ నియంత్రణ అనగానే యూట్యూబ్‌లో కనిపించేది మార్ష్‌మెల్లో పరీక్ష. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టారు. పిల్లాడి ముందు ఒక మిఠాయి పెట్టి, ‘నేను వచ్చేదాకా తినకుండా ఆగితే ఇంకోటి ఇస్తా’ అని వెళ్లిపోతారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని ప్రచారం జరిగింది. 2018లో 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ చూస్తే, కుటుంబ ఆర్థిక స్థితి, తల్లి చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు తగ్గిపోయింది.

అంతకన్నా ముఖ్యమైంది 2013లో వచ్చింది. సెలెస్ట్ కిడ్ బృందం మిఠాయి పెట్టే ముందు పిల్లలకు మంచి రంగులు, స్టిక్కర్లు తెస్తామని చెప్పింది. కొందరికి తెచ్చింది. కొందరికి ‘సారీ, లేవు’ అని చెప్పింది. మాట నిలబెట్టుకున్నవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల దగ్గర 3 నిమిషాలే! చిన్న పరీక్షే, 28 మంది పిల్లలే. కానీ చెప్పిన సంగతి మాత్రం పెద్దది. ఆగకపోవడం ప్రతిసారీ పిల్లాడి లోపం కాదు. ‘రేపు ఇస్తా’ అన్నది ఎప్పుడూ రాని ఇంట్లో, యూనిఫాం ఇస్తామని నెలలు దాటించే బడిలో, దొరికినప్పుడే తినేయడం తెలివైన పనే. కాబట్టి శుక్రవారం ఐదు నిమిషాలు ఎక్కువ ఆడుకోనిస్తా అని టీచర్ అన్నారంటే, ఆ ఐదు నిమిషాలు ఇచ్చి తీరాలి.

అలాగని నియంత్రణకు విలువ లేదని కాదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన సుమారు 1,000 మందిని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వస్తున్నారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువున్నవాళ్లకు 32 ఏళ్ల వయసులో ఆరోగ్యం, అప్పులు, కేసుల ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. కుటుంబ స్థితిని, తెలివితేటల్ని లెక్కలోకి తీసుకున్నా ఇదే తేలింది. పెరుగుతున్న కొద్దీ నిగ్రహం మెరుగైన పిల్లలు మాత్రం ఊహించిన దానికంటే బాగున్నారు. అంటే ఇది పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది కాదు.

ఇంట్లో అమ్మానాన్నలు ఏం చేయాలి?

నాన్న ఆటో మీద ఉంటాడు, అమ్మ ఇంట్లోనే గాజులకు రాళ్లు అతికిస్తూ ఉంటుంది. చార్టులు గీయడానికి టైం లేదు. క్యాలెండర్ చాలు. ఒక్క పని ఎంచుకోవాలి. ‘మగ్రిబ్ అజా వినిపించగానే ఫోన్ పక్కన పెట్టి బ్యాగ్ తీస్తా’ లాంటిది. ‘ఎప్పుడు ఇది జరిగితే అప్పుడు అది చేస్తా’ అని ముందే అనుకుని ఉంచుకుంటే చేసే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చెబుతున్నాయి. చేసిన రోజు పిల్లాడే తారీఖు మీద గుర్తు పెట్టుకోవాలి. చేయని రోజు ఖాళీ. ఖాళీని చూపించి తిట్టకూడదు. అమ్మ కూడా తన పని ఒకటి పెట్టుకుని అదే క్యాలెండర్ మీద గుర్తు పెడితే ఇంకా మంచిది. ‘ఇవాళ నువ్వు పెట్టలేదేంటి అమ్మీ?’ అని పిల్లాడు అడిగిన రోజు పద్ధతి నడుస్తున్నట్టే.

‘అల్లరి చేయను’ అని వందసార్లు రాయించడం స్వీయ మూల్యాంకనం కాదు. అది చేతికి పని, బుర్రకు కాదు.

చీటీ ఇంకో విషయం కూడా చెబుతుంది

రెండు వారాల చీటీలు పక్కపక్కన పెడితే ఒక్కోసారి టీచర్ ఊహించనిది బయటపడుతుంది. ఇంటూలన్నీ మొదటి పీరియడ్‌లోనే ఉంటే, పిల్లాడు ఖాళీ కడుపుతో వస్తున్నాడేమో అడగాలి. బోర్డు మీద రాసేటప్పుడే ఎక్కువగా లేస్తుంటే కళ్లు కనిపించడం లేదేమో! డిక్టేషన్‌లోనే గోల చేస్తుంటే వినికిడి సమస్య ఉండొచ్చు, లేదా ఆ మీడియం భాషే అర్థం కాకపోవచ్చు. నెల రోజులు నిజాయితీగా ప్రయత్నించినా అన్ని పీరియడ్లలోనూ ఒకేలా ఉంటే, అది డాక్టర్ చూడాల్సిన విషయం కావచ్చు. సర్కారు బడి పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటు ఉంది. ఆ టీమ్ వచ్చిన రోజు ఈ చీటీల్ని వాళ్ల చేతిలో పెడితే ‘అల్లరోడు’ అనే ఒక్క మాట కంటే ఎక్కువ ఉపయోగం.

ఒక్కసారిగా మారిపోయిన పిల్లల సంగతి మాత్రం వేరు. నిన్నటిదాకా బాగున్న పిల్లాడు ఉన్నట్టుండి రగిలిపోతున్నా, మూగబోయినా చీటీ ఇవ్వడం కాదు, కూర్చోబెట్టి వినాలి. ఇంట్లో దెబ్బలు, పనిలో పెట్టడం, వేధింపులు లాంటివి ఉన్నాయని అనుమానం వస్తే టీచర్ గానీ పక్కింటివాళ్లు గానీ పిల్లాడే గానీ చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బులు పడవు.